'ఓదెలు': బొగ్గుబావుల సీమలో ఒక పురుషనామం – పుట్టుక, అర్థం, పరిణామం

వ్యాససంగ్రహం:
రామగుండం, గోదావరిఖని ప్రాంతపు పాతతరం గనికార్మికులలో తరచుగా వినిపించే పురుషనామాలలో 'ఓదెలు' ఒకటి. ఇది నేటి పెద్దపల్లి జిల్లాలోని ఓదెల గ్రామం నుండి, అక్కడి మల్లన్న మొక్కు నుండి ఏర్పడిన పేరు. ఈ పేరు నిర్మాణాన్ని, మల్లన్న సంప్రదాయానికి చెందిన ఇతర నామాలతో దానికి గల బంధుత్వాన్ని, నెదర్లాండ్స్ బొగ్గుసీమలోని 'సెర్వాస్' అనే పేరుతో దానికి గల పోలికను, సింగరేణి గనుల హాజరు పుస్తకాలలోకి చేరిన తరువాత దానికి కలిగిన మార్పులను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: నామవిజ్ఞానం, ఓదెల, మల్లన్న, ఒగ్గు సంప్రదాయం, సింగరేణి, గోదావరిఖని, మారుపేరు

1. ఉపోద్ఘాతం:
తెలుగులో నామవిజ్ఞాన పరిశోధన ఎక్కువగా ఊరిపేర్ల మీద, ఇంటిపేర్ల మీద సాగింది. యార్లగడ్డ బాలగంగాధరరావు వంటి పండితుల కృషి వల్ల గ్రామనామాల నిర్మాణానికి ఒక శాస్త్రీయ పద్ధతి ఏర్పడింది. వ్యక్తినామాలకు, అందులోనూ శ్రామికకులాల వ్యక్తినామాలకు, అంతటి శ్రద్ధ దక్కలేదు. రాజుల పేర్లు శాసనాలలో, కవుల పేర్లు కావ్యాలలో మిగిలాయి. గొర్రెలు కాచినవారి పేర్లు, బావిలో బొగ్గు నింపినవారి పేర్లు మిగిలింది హాజరు పుస్తకాలలో, పింఛను కాగితాలలో మాత్రమే. చాలా పేర్లకు నిఘంటువులలో అర్థం దొరకదు. అర్థం దొరకనంత మాత్రాన అర్థం లేదని తీర్మానించరాదు. 'ఓదెలు' అటువంటి పేరు.

గోదావరిఖని కాలనీలలో ఓదెలు, రాజయ్య, ఐలయ్య, కొమురయ్య, పోశం, సమ్మయ్య, గట్టయ్య అన్న పేర్లు ఒకే వరుస క్వార్టర్లలో వినిపించడం సామాన్యం. వీటిలో చాలా పేర్ల వెనుక ఒక్కొక్క క్షేత్రమో గ్రామదేవతో ఉంది. రాజయ్య వెనుక వేములవాడ రాజన్న, పోశం వెనుక పోచమ్మ, సమ్మయ్య వెనుక మేడారం సమ్మక్క ఉన్నారు. గోదావరి ఆవలి ఒడ్డున, నేటి మంచిర్యాల జిల్లాలోని వేలాల గట్టు మల్లన్నను తలచుకుంటే గట్టయ్య అన్న పేరు అర్థమవుతుంది. ఈ వరుసలో 'ఓదెలు' పేరుకు ఒక విశేషం ఉంది. రాజయ్య, పోశం, సమ్మయ్య వంటి పేర్లలో దైవం పేరు ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. 'ఓదెలు'లో దైవం పేరు లేదు, ఊరిపేరు మాత్రమే ఉంది.

2. పదనిర్మాణం:
ఓదెల ఇప్పుడు పెద్దపల్లి జిల్లాలో మండలకేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది కరీంనగర్ జిల్లాలో భాగం. కాజీపేట–బల్లార్షా రైలుమార్గంలో ఈ ఊరికి స్టేషను ఉంది. ఇతర ప్రాంతాల తెలుగువారికి ఈ ఊరు ఇటీవల 'ఓదెల రైల్వేస్టేషన్' చలనచిత్రం వల్ల తెలిసింది. ఉత్తర తెలంగాణ పల్లెలకు మాత్రం తరాలుగా ఓదెల అంటే మల్లన్న గుడి.

క్షేత్రనామం వ్యక్తినామం కావడం తెలుగులో కొత్త కాదు. తిరుపతి, శ్రీశైలం, యాదగిరి, సింహాచలం, భద్రాచలం అన్నవి ఊళ్ల పేర్లే, మనుషుల పేర్లే. వీటిలో ఊరిపేరు ఏ మార్పూ లేకుండా మనిషి పేరైంది. ఓదెల విషయంలో చిన్న మార్పు జరిగింది. పదాంతంలోని అకారం ఉకారమై 'ఓదెలు' ఏర్పడింది.

ఈ మార్పుకు కారణం తెలుగు పురుషనామాల ధ్వనిరూపంలో ఉంది. రాముడు రాములుగా, సోముడు సోములుగా, నరసింహుడు నర్సింలుగా మారడం తెలంగాణ వాడుకలో సర్వసాధారణం. ఈ 'లు' గౌరవార్థక బహువచనం నుండి వచ్చింది. ఒక వ్యక్తినే బహువచనంలో పేర్కొని మన్నించే పద్ధతి కాలక్రమంలో పేరులోనే స్థిరపడింది. ఓదెల అన్న మాటలో లకారం ముందే ఉంది కనుక అంత్యాచ్చు మారగానే అది రాములు, సోములు వంటి పేర్ల వరుసలో ఇమిడిపోయింది. 'ఓదెలు'లోని 'లు' వ్యుత్పత్తి రీత్యా బహువచన ప్రత్యయం కాకపోయినా, వినేవారి చెవికి అది ఆ ప్రత్యయమే అనిపిస్తుంది. ఊరిపేరు మనిషి పేరుగా మారే సంధిస్థలం ఇదే.

ఈ మూలం నుండి ఓదయ్య, ఓదెలయ్య అన్న పురుషరూపాలు, ఓదెమ్మ అన్న స్త్రీరూపం కూడా ఏర్పడ్డాయి. ఉచ్చారణలో పదాది ఓకారం ముందు వకారం చేరి 'వోదెలు' అని వినిపించడం కూడా కద్దు. వాడుకలో ఇది గమనించదగినంత భేదం కాదు. కాగితం మీదికి, అందులోనూ ఆంగ్లలిపిలోకి వెళ్లినప్పుడు మాత్రం ఈ ఒక్క అక్షరమే రెండు వేర్వేరు పేర్లను సృష్టిస్తుంది.

3. మొక్కు నుండి పేరు:
'ఓదెలు' పేరుకు అర్థం ఏమిటన్న ప్రశ్నకు పదనిర్మాణం సగం సమాధానమే ఇస్తుంది. మిగిలిన సగం ఆచారంలో ఉంది. సంతానం లేనివారు, పుట్టిన బిడ్డలు దక్కనివారు మల్లన్నకు మొక్కుకుంటారు. బిడ్డ పుడితే గుడికి తీసుకువెళ్లి పుట్టువెంట్రుకలు తీయించి, బోనం వండి, పట్నం వేయించి, బిడ్డకు ఆ స్వామి పేరు పెట్టుకుంటారు. పట్నం అంటే పసుపు, కుంకుమ, బియ్యప్పిండి వంటి పొడులతో నేలమీద తీర్చే ముగ్గు. దానిమీద మల్లన్న కల్యాణాన్ని ఒగ్గు పూజారులు డమరుకం వంటి ఒగ్గు వాయిస్తూ కథగా చెబుతారు. మల్లన్న భక్తులు నొసట పెట్టుకునే పసుపును బండారి అంటారు.

కనుక 'ఓదెలు' అన్న పేరు పలికినప్పుడు అందులో ఒక వాక్యం దాగి ఉంటుంది. 'ఈ బిడ్డ ఓదెలలో మొక్కగా దక్కినవాడు' అన్నది ఆ వాక్యం. పిల్లలు దక్కడం కష్టమైన కాలంలో తెలుగుపల్లెలు పేర్లను రక్షగా వాడుకున్నాయి. పెంటకుప్ప మీద పడవేసి తిరిగి తెచ్చుకున్నట్లు నటించి పెట్టిన పెంటయ్య, భిక్షగా దొరికినవాడని పెట్టిన భిక్షపతి ఈ కోవకు చెందినవే. పెంటయ్య అన్న పేరు బిడ్డను విలువలేనివాడిగా చూపి మృత్యువును ఏమార్చాలనుకుంటుంది. ఓదెలు అన్న పేరు బిడ్డను ఒక చోటికి, ఒక స్వామికి అప్పగించి కాపాడుకోవాలనుకుంటుంది. రెండింటి వెనుక ఉన్న భయం ఒకటే.

4. మల్లన్న నామాల కుటుంబం:
ఓదెలు ఒంటరి పేరు కాదు. సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి, హనుమకొండ జిల్లాలోని ఐనవోలు కూడా మల్లన్న క్షేత్రాలే. కొమురవెల్లి నుండి కొమురెల్లి, కొమురయ్య అన్న పేర్లు, జనవ్యవహారంలో ఐలోని అని పిలిచే ఐనవోలు నుండి ఐలయ్య, ఐలమ్మ అన్న పేర్లు వ్యాపించాయి. గొల్ల, కురుమ కులాలలో ఇవి విస్తారం. మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ అన్న ఇద్దరు భార్యలుండడం ఈ దైవం పశుపాలక సమాజాలకు ఎంత దగ్గరివాడో చెబుతుంది. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండ్లకు బలైన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడు. తెలంగాణ సాయుధపోరాటంలో తొలి అమరుడిగా చరిత్రకెక్కిన ఆయన పేరును ఈ నామకుటుంబం నేపథ్యంలో చదవడం సమంజసం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ధ్వని కలిసినంత మాత్రాన మూలం కలవదు. కొమురం భీములోని 'కొమురం' గోండుల ఇంటిపేరు. దానికి కొమురవెల్లితో సంబంధం లేదు. 'కొమరుడు' అంటే కొడుకు అన్న అర్థం కూడా తెలుగులో ఉన్నందున ప్రతి కొమరయ్యకూ క్షేత్రమూలం అంటగట్టడం కుదరదు. ఓదెలు విషయంలో ఇటువంటి సందిగ్ధత తక్కువ. ఊరిపేరుతో దానికి గల సామ్యమే దాని మూలాన్ని చూపుతుంది.

ఈ కుటుంబం తెలుగునేల దాటి విస్తరించింది. కాకతీయుల ఓరుగల్లును వర్ణించే క్రీడాభిరామంలో మైలారుదేవుని భక్తుల ప్రసక్తి ఉంది. కన్నడదేశంలో మైలారుడుగా, మహారాష్ట్రలోని జెజూరిలో ఖండోబాగా కొలువైన దైవానికీ మల్లన్నకూ గల సామ్యాన్ని పరిశోధకులు గుర్తించారు. జెజూరిలోనూ పసుపే ప్రసాదం, దానిపేరు భండారా. ఖండోబాకు గల మల్హారి అన్న పేరు నుండి మల్హార్ అన్న పురుషనామం వచ్చింది. ఇందూరు సంస్థానానికి మూలపురుషుడైన మల్హార్‌రావ్ హోల్కర్ గొర్రెలకాపరులైన ధన్‌గర్ కులంలో పుట్టాడు. ఆయన ఇంటిపేరు హోల్ అన్న ఊరి నుండి, సొంతపేరు దైవం నుండి వచ్చాయి. మరాఠీలో రెండు పదాలుగా విడివడిన ఊరు, దైవం 'ఓదెలు' అన్న ఒక్క మాటలో కలిసి ఉన్నాయి.

5. మరొక బొగ్గుసీమలో మరొక పేరు:
క్షేత్రం నుండి పేరు, పేరు నుండి గని అన్న క్రమం ఒక్క తెలంగాణకే పరిమితమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. నెదర్లాండ్స్ దక్షిణాన ఉన్న లింబర్గ్ రాష్ట్రంలోని మాస్ట్రిక్ట్ నగరంలో సెర్వాటియస్ అన్న క్రైస్తవ సాధువు సమాధి ఉంది. 4వ శతాబ్దికి చెందిన ఈ మతాధికారి పేరు నుండి డచ్చి భాషలో 'సెర్వాస్' అన్న పురుషనామం ఏర్పడింది. లాటిన్ మూలాన్ని బట్టి దీని అర్థం 'రక్షింపబడినవాడు'. 12వ శతాబ్దిలో హెండ్రిక్ ఫాన్ వెల్డెకె ఈ సాధువు చరిత్రను ఆ ప్రాంతపు భాషలో కావ్యంగా రచించాడు. ఏడేళ్లకొకసారి మాస్ట్రిక్ట్‌లో పవిత్ర అవశేషాల జాతర నేటికీ జరుగుతుంది. వాడుకలో సెర్వాస్ కుదించుకుపోయి వాస్ అయింది. దానినుండి వాసెన్ అన్న ఇంటిపేరు పుట్టింది.

అదే లింబర్గ్‌లో, హేర్లెన్ పట్టణం చుట్టూ, నెదర్లాండ్స్ బొగ్గుగనులు ఉండేవి. 1902లో ప్రభుత్వ గనుల సంస్థ ఏర్పడింది. గనుల మూసివేతను ప్రభుత్వం 1965లో ప్రకటించింది. 1974 చివరికి చివరి గని మూతపడింది. స్థానిక సాధువు పేరు మోసిన మనుషులు ప్రభుత్వ సంస్థ గనిలోకి దిగడం రెండు చోట్లా జరిగింది.

పోలిక ఎంత ముఖ్యమో భేదమూ అంతే ముఖ్యం. సెర్వాస్ అన్న పేరుకు చర్చి బాప్తిస్మ పుస్తకం ఆధారంగా నిలిచింది. ఫ్రెంచి పాలనలో 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది మొదట పౌరనమోదు వచ్చేనాటికి ఆ పేరుకు స్థిరమైన లేఖనరూపం ఉంది. ఓదెలుకు అటువంటి పుస్తకం లేదు. మొక్కును గుర్తుంచుకున్న తల్లి, పట్నం వేసిన ఒగ్గు పూజారి మాత్రమే దానికి సాక్షులు. చాలామంది ఓదెలుల పేరు తొలిసారి అక్షరరూపం దాల్చింది బడిలో కాదు, గనిలో.

6. హాజరు పుస్తకంలోకి చేరిన పేరు:
1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తి కావడంతో ఓదెల, రామగుండం ఒకే రైలుదారి మీది ఊళ్లయ్యాయి. రామగుండం ప్రాంతంలో 1960ల మొదట్లో తవ్వకాలు మొదలై, గోదావరిఖని గనుల పట్టణంగా ఎదిగింది. చుట్టుపక్కల పల్లెల నుండి భూమి లేనివారు, దొరల వెట్టి నుండి, 1970ల చివరి రైతుకూలీ పోరాటాల కాలపు నిర్బంధం నుండి తప్పించుకున్న యువకులు ఈ బావుల్లో పనికి చేరారు.

గనుల లోకానికి తనదైన నామకరణ పద్ధతి ఉంది. బావికి పేరు లేదు, సంఖ్య ఉంది. ఒకటో బావి, ఐదో బావి, పదకొండో బావి అనే వ్యవహారం. నివాసస్థలం కూడా ఎయిటింక్లైన్ కాలనీ అయింది. భూమిలోని బొగ్గుపొరకు మాత్రం మనిషి పేరు దక్కింది. విలియం కింగ్ స్మృతిగా ఒక పొరను కింగ్ సీమ్ అన్నారు. ఊరు, వాడ, గుడి అన్న గుర్తులన్నీ అంకెలుగా మారిన చోట, మొక్కుతో వచ్చిన పేరు కార్మికుడి వెంట వచ్చిన ఊరు. 'ఓదెలు' అని పిలిచినప్పుడల్లా మండలకేంద్రం, గుడి, తల్లిదండ్రుల మొక్కు ఆ పిలుపులో కలిసి వచ్చాయి.

పేరుతోపాటు పిలుపూ మారింది. గడీల కాలంలో శ్రామికకులాల మగవారి పేరు చివర 'గాడు' చేర్చి పిలవడం దొరల వాడుక. మల్లయ్య మల్లిగాడు, ఓదెలు ఓదెలుగాడు అయ్యారు. ధ్వనిలో ఉన్న గౌరవ బహువచనాన్ని ఆ ఒక్క ప్రత్యయం రద్దు చేసింది. బావిలో కలిసి తట్టా చెమ్మస్ పట్టినవారి మధ్య, సంఘాల సమావేశాలలో, అదే మనిషి ఓదెలన్న అయ్యాడు. మస్టరు పుస్తకంలో ఓదెలు, ఓదెలయ్య అని అధికారికంగా నమోదయ్యాడు. జీతపు కాగితం మీద 'గాడు'కు చోటు లేదు. కూలి పెరగడాన్ని అంకెలు చెబుతాయి. మనిషి మన్నన పెరగడాన్ని ఈ ప్రత్యయాల చరిత్ర చెబుతుంది. నల్లాల ఓదెలు చెన్నూరు నుండి శాసనసభకు ఎన్నికయ్యే నాటికి, ఒకప్పుడు 'గాడు' తగిలించి పిలిచిన పేరు ఓటుపత్రం మీద అచ్చయింది.

7. మారుపేరు – పేరు పోగొట్టుకున్నవారు:
గని పేరుకు మన్నన ఇచ్చింది. కొందరి నుండి పేరునే తీసుకున్నది కూడా గనే. సింగరేణిలో 'మారుపేర్ల' సమస్య దశాబ్దాలుగా ఉన్నదే. పనికి ఎంపికైనవాడు రాకపోతే అతని స్థానంలో మరొకరు చేరడం, అన్న పేరిట తమ్ముడు, మామకు కొడుకుగా నమోదై అల్లుడు కొలువులోకి రావడం వంటి కారణాలతో కొందరు తమది కాని పేరుతో జీవితకాలం పనిచేశారు. బతుకుతెరువు దొరికిన ఆనందంలో పేరు చిన్నవిషయంగా కనిపించింది.

అటువంటివారికి రెండు పేర్లు ఏర్పడ్డాయి. ఇంట్లో, ఊళ్లో, జాతరలో ఒక పేరు. బావిలో, బ్యాంకులో, ఆసుపత్రి పుస్తకంలో మరొక పేరు. పిల్లల బడి కాగితాలలో తండ్రి పేరు ఒకటి, తండ్రి ఉద్యోగ పత్రాలలో మరొకటి. కార్మికుడు మరణించినప్పుడో, వైద్యకారణాలతో కొలువుకు అనర్హుడైనప్పుడో వారసుడికి ఉద్యోగం అడగవలసి వస్తే ఈ భేదం అడ్డుగోడగా నిలిచింది. తాను ఫలానావాని కొడుకునని కొడుకు నిరూపించుకోవలసి వచ్చింది. మారుపేర్ల సవరణ కార్మికసంఘాల కోరికల పట్టికలో, ఎన్నికల హామీలలో పదేపదే చోటుచేసుకోవడానికి కారణం ఇదే.

మారుపేరు లేనివారికీ లిపి తెచ్చిన చిక్కులు ఉండవచ్చు. ఓదెలు, వోదెలు అన్న ఉచ్చారణభేదం ఆంగ్లలిపిలో మొదటి అక్షరాన్నే మారుస్తుంది. అక్షరం మారితే మనిషి మారినట్లే భావించే వ్యవస్థలో ఇది చిన్న దోషంగా మిగలదు. బిడ్డను దక్కించుకోవడానికి పెట్టిన పేరు, ఆ బిడ్డ పిల్లలకు దక్కవలసినదాన్ని దక్కనివ్వకపోవడం ఈ నామచరిత్రలోని విషాదం.

8. తరాల మార్పు:
1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. యంత్రాలు, ఉపరితల గనులు, స్వచ్ఛంద పదవీవిరమణ పథకాలు ఆ సంఖ్యను సగానికి పైగా తగ్గించాయి. ఓదెలు తరం కొలువు నుండి తప్పుకుంది. వారి పిల్లల పేర్లు రాజేశ్, శ్రీనివాస్, రమేశ్. మనుమల పేర్లు సాయి, కార్తీక్, రిత్విక్. మల్లన్న మీది భక్తి తగ్గలేదు. మొక్కు ఇప్పటికీ చెల్లుతుంది, పట్నం ఇప్పటికీ వేస్తారు. పేరు మాత్రం మల్లేశ్, మల్లికార్జున్ వంటి రూపాలకు మళ్లింది. ఈ మార్పులో దైవం మిగిలింది, ఊరు జారిపోయింది. మల్లికార్జున్ శ్రీశైలానికీ చెందవచ్చు, కొమురవెల్లికీ చెందవచ్చు. ఓదెలు ఒక్క ఓదెలకే చెందుతుంది.

ఇప్పుడు ఈ పేరు ఎక్కువగా కనిపించేది దరఖాస్తులలోని 'తండ్రి పేరు' అన్న గడిలో, కొత్త పేర్ల ముందు నిలిచిన పొడి అక్షరంలో. కొందరు యువకులు ఈ పేరును మోటుగా భావించడానికి కారణం దాని ధ్వనిలో లేదు. దానిని ఒకప్పుడు ఎవరు, ఏ స్వరంతో పిలిచారన్న జ్ఞాపకంలో ఉంది.

9. ముగింపు:
పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి.

• ఓదెలు అన్నది క్షేత్రనామం నుండి ఏర్పడిన పురుషనామం. రాములు, సోములు వంటి నామాల ధ్వనిసామ్యం దాని తుదిరూపాన్ని నిర్ణయించింది.
• దాని అర్థం నిఘంటువులో కాక మొక్కు ఆచారంలో ఉంది. 'ఓదెల మల్లన్న వల్ల దక్కినవాడు' అన్నది దాని భావం. లింబర్గ్‌లోని సెర్వాస్ అన్న పేరు భావంలోనూ, బొగ్గుగనులతో సంబంధంలోనూ దీనికి సమీపంగా ఉంది.
• కొమురయ్య, ఐలయ్య అన్న పేర్లతో కలిపి చూస్తే ఇది దక్కను పశుపాలక సంస్కృతికి చెందిన నామకుటుంబంలో భాగం.
• ఓదెలుగాడు, ఓదెలయ్య, ఓదెలన్న అన్న పిలుపుల క్రమం గడీ నుండి గనికి సాగిన సామాజిక పరిణామాన్ని నమోదు చేస్తుంది.
• మారుపేర్లు, లిపిభేదాలు నామవిజ్ఞానాన్ని జీవనోపాధి ప్రశ్నతో ముడివేస్తాయి.

మూతపడిన గనుల హాజరు పుస్తకాలు ఉత్పత్తి లెక్కలకే గాక నామచరిత్రకు కూడా మూలాధారాలు. అవి శిథిలం కాకముందే ప్రాంతాలవారీగా, తరాలవారీగా అందులోని పేర్లను సేకరించి వర్గీకరించవలసి ఉంది. పదవీవిరమణ చేసిన కార్మికులు జీవించి ఉండగానే, ఏ మొక్కుతో ఏ పేరు వచ్చిందో వారినుండి, వారి ఇళ్లలోని వృద్ధస్త్రీల నుండి వినవలసి ఉంది. పుస్తకంలో దొరికేది పేరు ఒక్కటే. ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పగలిగినవారు ఆ ఇళ్లలోనే ఉన్నారు.